మేకుతో గీసిన పలక

సుందరరాజు తాత జన్మలో టెన్నిస్ బ్యాటు ముట్టుకోలేదు. చేతికిస్తే దాంతో ఈగలు తోలేవాడు. అయినా మార్కాపురం పలకల షెడ్లలో టెన్నిస్ పందేలకు ఏ యాప్ నమ్మకమైనది, ఏది గొంతు కోసేది అని ఎవరికి అనుమానం వచ్చినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

నలభై ఏళ్లుగా తాత పని రాతిని పలకలుగా చీల్చడం. చీల్చిన ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి వింటాడు. ఖంగుమంటే మంచిది. బొద్దుమంటే లోపల ఎక్కడో పగులుంది. యాప్‌లను కూడా తాను అట్లాగే తట్టి చూస్తానని ఆయన గొప్ప. తాను మాత్రం పందెం కాయడు. కాస్తే కూడు పెట్టనని భార్య రూతమ్మ అవ్వ ఆయన చేత బైబిలు మీద చెయ్యి వేయించింది. తాత ఆ మాట తప్పలేదు. కాసేవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల ఫోన్లలోకి తొంగిచూసేవాడు. "చూడగూడదని నేనేం ప్రమాణం చెయ్యలేదే" అనేవాడు అవ్వతో.

"క్రికెట్టులో అంతమందిలో ఎవడు అమ్ముడుపోయినాడో దేవునికే ఎరుక. ఇదైతే ఇద్దరి కొట్లాట, కోళ్ల పందెం మాదిరి" అన్నది ఆయన టెన్నిస్ శాస్త్రం. అంతకు మించి ఆ ఆట గురించి ఆయనకు తెలిసింది తక్కువే.

కానీ యాప్‌ల గురించి బాగా తెలుసు. పెద్ద పలక ఒకటి తీసుకుని మూడు గళ్లు గీశాడు. పులి బొమ్మ యాప్, నెమలి బొమ్మ యాప్, చక్రం బొమ్మ యాప్. గెలిచిన డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది, ఫోన్ చేస్తే మనిషి పలుకుతాడా అని అడిగి అడిగి రాశాడు. అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అడుగున ఉంది. ఆటగాడు కాలు బెణికి మధ్యలోనే మానుకుంటే పందెం గతేమిటి? పులి వాళ్లు పెట్టిన డబ్బు వెనక్కిస్తారు. నెమలి వాళ్లు ఒక సెట్టు ముగిసి ఉంటే నిలిచినవాడే గెలిచినట్టు లెక్కగడతారు. చక్రం వాళ్లది పూటకో మాట. షెడ్డులో పనిచేసే కొండయ్య దాంట్లో కాసిన ఆటగాడు గెలుస్తుండగా అవతలివాడి కాలు మడతపడింది. కొండయ్యకు గెలుపూ రాలేదు, పెట్టిందీ రాలేదు. తాత చక్రం గడిలో "దొంగ" అని రాశాడు.

బలపంతో రాసి ఉంటే తడిగుడ్డతో పోయేది. కానీ నలభై ఏళ్లుగా పలకల మీద కొలతలు ఇనుప మేకుతోనే గీసిన చెయ్యి, అలవాటుగా మేకు మీదికే పోయింది. మేకు గీత చెరగదు. ఆ జూదం రాతలు కళ్ల ముందు ఉండకూడదని అవ్వ బూడిదతో తోమింది, చింతపండుతో రుద్దింది. పలక మెరిసిందే తప్ప అక్షరం పోలేదు. తాత దాన్ని షెడ్డు గోడకు తగిలించాడు.

చక్రం యాప్‌లో పందెం కాయడానికి ఐడీలు అమ్మేది విజయ్ కుమార్. పొదిలి నుంచి గిద్దలూరు దాకా వాడి మనుషులే. ఆ పలక గోడెక్కిన నెలలో షెడ్లవాళ్లెవరూ వాడి దగ్గర ఐడీ తీసుకోలేదు. ఒక శనివారం మధ్యాహ్నం వాడు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. పలకను గోడ మీంచి లాగి తాత ముందు పడేశాడు.

"తుడువు తాతా."

"పోదురా నాయనా. మేకుతో గీసినా."

మాట ముగియకముందే దవడ మీద గుద్దు పడింది. పై వరుస కట్టుడు పళ్లు ఎగిరి రాతిపొడిలో పడ్డాయి. తాత ముందు వాటి కోసమే వెతుక్కున్నాడు.

"నాలికతో తుడువు!" విజయ్ కుమార్ ఆయన మెడ పట్టి ముఖాన్ని పలకకేసి రుద్దాడు. పలక అంచుకు పెదవి తెగింది. నెత్తురు గీతల్లోకి పాకింది. అంతదాకా తెల్లగా సన్నగా ఉన్న "దొంగ" ఎర్రగా లేచింది.

"ఇప్పుడు రోడ్డు మీదికి కూడా కనపడతాంది" అన్నాడు తాత బోసినోటితో. ఊరుకోవచ్చు కదా! డొక్కలో బూటుకాలితో తన్నారు.

పలకల అంచులు కోసే కత్తి ఒకటి అక్కడ బల్లకు బిగించి ఉంది. పిడి పట్టి నొక్కితే రాయే కసక్కున తెగుతుంది. తాత కుడిచేతిని దాని కింద పెట్టారు. ఆ ఇద్దరిలో లావుపాటివాడు పిడి పట్టుకున్నాడు. విజయ్ కుమార్ ఫోన్ పైకెత్తి వీడియో పెట్టాడు.

"అబద్ధం రాసినానని చెప్పు. చెయ్యి నీది."

మూలన సుత్తి పట్టుకుని కొయ్యబారిన కొండయ్య ఏడుపు గొంతుతో అన్నాడు, "చెప్పెయ్ అన్నా! ఒక్క మాటే గదా!"

తాత కత్తి కిందున్న చేతిని చూసుకున్నాడు. ఆ చెయ్యి లేకపోతే రాయి చీల్చేదెట్లా, ముద్ద తినేదెట్లా? చెప్పేద్దామనే నోరు తెరిచాడు. కానీ బొద్దుమన్న పలకను మంచిదని ఒక్కనాడైనా పెట్టెలో వెయ్యలేదు ఆయన.

"నీ యాప్ బొద్దుమంటాంది రా. నేనేం చేసేది?"

పిడి దిగింది. తాత గుంజుకున్నాడు కాబట్టి చెయ్యి దక్కింది. చిటికెన వేలి కొస బల్ల మీద మిగిలింది.

అప్పుడే క్యారియరుతో గుమ్మం దాటింది రూతమ్మ అవ్వ. అరవలేదు. క్యారియరు మూత తీసి, పొగలు కక్కే పప్పుచారు లావుపాటివాడి ముఖాన కొట్టింది. వాడు కళ్లు పట్టుకుని కూలబడ్డాడు. అవ్వ నేల మీది పలకను రెండు చేతులా ఎత్తి విజయ్ కుమార్ నెత్తిన దింపింది. పలక ముక్కలైంది. వాడి చెవి సగం వేలాడింది. కొండయ్యకు అప్పుడొచ్చింది పౌరుషం. సుత్తితో మూడోవాడి మోకాలు విరిచాడు. మొదలుపెట్టడానికి నక్క, ఇంకొకరు మొదలుపెట్టాక పులి, మన కొండయ్య!

కుంటుకుంటూ, నెత్తురోడుస్తూ ముగ్గురూ పారిపోయారు. కిందపడ్డ ఫోన్‌లో వీడియో ఇంకా నడుస్తూనే ఉంది. వేలు తెగడం దాకా అంతా అందులో ఉంది. మరునాటికి పోలీసులకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆసుపత్రి మంచం మీద తాత ఏడ్చాడు. వేలి కోసం కాదు.

"షెడ్డులో పదివేల పలకలుండాయి గదే! నీ చేతికి అదే దొరికిందా?"

అవ్వ బత్తాయి ఒలుస్తూ తలెత్తలేదు.

"వాని నెత్తికి ఏ పలకైనా సరిపోయేది. ఆ పలక మాత్రం నీ కోసం పగలగొట్టినా."

తాత కట్టు కట్టిన చేత్తో దిండు కింద తడుముకున్నాడు.

"నా పళ్లేవీ?" అన్నాడు చివరికి.