గవర్రాజు బేకరీ ఎవరిది?

గవర్రాజు బేకరీ శ్వేతపథం వాళ్ళదట అని చెప్పినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం సులువు. భీమడోలు హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. ఆధారం లేని మాట నమ్మకూడదని పదో తరగతి పిల్లలకి ఏడాది పొడుగునా నూరిపోస్తాను. అలాంటిదాన్ని స్టాఫ్ రూములో టీ తాగుతూ, బిస్కెట్ కొరుకుతూ, ఒక్క ఆధారమైనా లేకుండా ఆ ముక్క అనేశాను. పైగా గొంతు తగ్గించి మరీ అన్నాను. గొంతు తగ్గిస్తే అబద్ధానికి ఎక్కడలేని విలువా వస్తుంది.

తాడేపల్లిగూడెం గవర్రాజు బేకరీ అంటే ఏలూరు నుంచి నిడదవోలు దాకా తెలియనివాళ్ళు లేరు. శ్వేతపథం వాళ్ళంటే కామవరపుకోట అవతల ఆశ్రమం కట్టుకుని, తెల్లబట్టలు వేసుకుని, ధ్యానం చేసుకునే మనుషులు. ఒకరి జోలికి పోరు. ఈ రెండింటినీ ఎవరు ముడిపెట్టారోగానీ, పోయిన వేసవిలో మొదలై బళ్ళు తెరిచేసరికి ఆ మాట ఊరూరా తిరిగింది. బేకరీ పేరుకే గవర్రాజుగారి మనవడు విశ్వతేజదట, అసలు ఓనర్లు వాళ్ళేనట, కేకుల్లో వాళ్ళ గురువుగారి తీర్థం కలుపుతారట. తీర్థం కలిపింది మేం ముట్టుకోం అని చర్చికి వెళ్ళేవాళ్ళు మానేశారు. మసీదుకి వెళ్ళేవాళ్ళూ అదే కారణంతో మానేశారు. గుళ్ళు వద్దనే వాళ్ళ దుకాణంలో కొంటామా అని గుడికి వెళ్ళేవాళ్ళు మానేశారు. మనవాళ్ళందరూ ఇంత ఐకమత్యంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం, లంచ్ బెల్లు కొట్టాక, ఒకావిడ నాకోసం వచ్చి వరండాలో నిలబడింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. ముతక చీర, చేతిలో గుడ్డసంచీ, మోచేతుల దాకా నూనె చుక్కలు పడి కాలిన మచ్చలు.

"గాయత్రి టీచరుగారు మీరేనాండీ? నా పేరు అజీజున్నీసా అండి. గూడెం నుంచి వచ్చాను. గవర్రాజు బేకరీ సంగతి మీకు ఎవరు చెప్పారో కాస్త చెప్తారా అండీ?"

కోపంగా అడిగి ఉంటే నేనూ కోప్పడి బయటపడేదాన్ని. ఆవిడ బస్సు ఎన్నింటికి అని అడిగినంత మామూలుగా అడిగింది. నాకు చెవులు వేడెక్కాయి. మా బళ్ళో చదివే అమ్మాయి ఒకతి స్టాఫ్ రూముకి హాజరుపట్టీ తెచ్చినప్పుడు నా మాట విని, గూడెంలో ఉన్న వాళ్ళ పిన్ని హుమాకి చెప్పిందట. హుమా అజీజమ్మ దగ్గర పనిచేస్తుంది.

అజీజమ్మ పనేమిటో అప్పుడే తెలిసింది. గవర్రాజు బేకరీ ఉల్లి సమోసా తినని నోరు ఈ చుట్టుపక్కల లేదు. నేనూ ఎన్నిసార్లు తిన్నానో. అది బేకరీలో తయారవుతుందనే అనుకున్నాను. కాదు. గూడెంలో ఒక సందులో పదిమంది ఆడవాళ్ళు, వాళ్ళకి పెద్దగా అజీజమ్మ, పందొమ్మిదేళ్ళుగా అవి చుడుతున్నారు. పలచటి మైదా రొట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి పెనం మీద సగం కాల్చి, పొరలు విడదీసి, పట్టీలుగా కోసి, ఉల్లిపాయ కూరి మూడు మూలలుగా మడుస్తారు. ఉల్లి నీరు పీల్చడానికి గుప్పెడు అటుకులు కలుపుతారు. బేకరీవాళ్ళు వేయించి అమ్ముతారు. రోజుకి రెండువేలు వెళ్ళే చోట ఇప్పుడు మూడువందలు వెళ్తున్నాయి.

"‘పిన్నిగారూ, ఇంకో నెల చూసి అదీ ఆపేస్తానండీ’ అన్నాడు విశ్వతేజ బాబు. ఆపేస్తే ఈ పదిమందీ ఎక్కడికి పోతారండీ? అందులో నలుగురికి ఆ పనే ఆధారం. ఎవరి నోట పుట్టిందో పట్టుకుని, వాళ్ళచేతే కాదని చెప్పిద్దామని తిరుగుతున్నానండి."

నాకు క్రిస్టినా చెప్పింది. క్రిస్టినా మా ఊరి ఆసుపత్రిలో నర్సు, నాతోపాటే ఏలూరు నుంచి పాసింజర్లో వస్తుంది. ఆ సాయంత్రం సిగ్గుతోనే ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. క్రిస్టినా నాకంటే నయం, వెంటనే పేరు చెప్పేసింది. ఆగడాలలంకలో బీపీ చూడడానికి వెళ్ళినప్పుడు చేపలమ్మే రూతమ్మ చెప్పిందట. "కళ్ళారా చూసినవాళ్ళే తనకి చెప్పారందండీ. అందుకే నమ్మాను" అంది.

మర్నాడు ఆదివారం. ఆవిడ ఒక్కతే వెళ్తానంది, నేనే ఊరుకోలేక ఆటో మాట్లాడాను. రెండువైపులా చేపల చెరువులు, మధ్యలో గట్టుమీద రోడ్డు, ఎదురుగా మేత బస్తాల లారీ వస్తే ఆగి దారి ఇవ్వడం. దారిపొడుగునా అజీజమ్మ ఏం మాట్లాడాలో నాకు వినిపించి సరిచూసుకుంది. "తిట్టనండి. మీరొచ్చి బాబుతో ఒక్క మాట చెప్పండమ్మా అంటాను. కళ్ళారా చూశామన్నవాళ్ళ పేరు చెప్తే వాళ్ళ కాళ్ళైనా పట్టుకుంటాను." ఆ మాటకి నాకు చిన్నతనం అనిపించింది. నా కాళ్ళు పట్టుకోనందుకు సంతోషించాను కూడా.

రూతమ్మ ఇంటిముందు వల ఆరేస్తోంది. నేను సంగతి ఎత్తుకోగానే ఆమె నావైపు కాదు, అజీజమ్మవైపు చూసి నవ్వింది.

"అదేంటక్కా, నాకు చెప్పింది మీరేగా!"

అజీజమ్మకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఎండాకాలం, ఏలూరు బస్సులో. నేను గూడెంలో చేపలమ్ముకుని వస్తున్నాను. మీరు నా పక్కన కూర్చున్నారు. ఒళ్ళో స్టీలు డబ్బా. నాకు నాలుగు సమోసాలు కూడా పెట్టారు, మెత్తబడ్డాయిగానీ రుచి బాగుంటాయి తినండమ్మా అని. అప్పుడే చెప్పారు, తెల్లబట్టలాయన ఓనరు కుర్చీలో కూర్చున్నాడు, అబ్బాయి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఇక ఆ షాపు వాళ్ళదే అని."

అజీజమ్మ వల పక్కనే నేలమీద కూర్చుండిపోయింది. రూతమ్మ భయపడి మంచినీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళు తాగి, చెంగుతో మూతి తుడుచుకుని, "అవునండి. నేనే అన్నాను" అంది.

తర్వాత దారిలో అంతా చెప్పింది. ఆ రోజు అటుకులు తక్కువ పడ్డాయి. వేయించిన మొదటి వాయే మెత్తబడిపోతే విశ్వతేజ సరుకంతా వెనక్కి పంపేశాడు. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి. కొనడానికి వచ్చినవాళ్ళ ముందే పంపేశాడు. తప్పు తనదేనని తెలుసు, తెలిసినా ఒళ్ళు మండింది. ఆ మంటలో బస్సెక్కి, ఏలూరులో చెల్లెలింటికి పోతూ, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషితో నోటికొచ్చింది అనేసింది. అని, మరిచిపోయింది. మూడు నెలలు తిరిగేసరికి ఆ మాటకి తీర్థం, గురువుగారు వచ్చి చేరాయి. అందుకే తన మాటని తనే గుర్తుపట్టలేకపోయింది.

"ఇక్కడితో వదిలేద్దామండీ" అన్నాను. "రూతమ్మ చెప్పదు, నేను చెప్పను. వెతికాం, దొరకలేదందాం." ఇది నా మంచితనం అనుకునేరు, కాదు. ఆవిడ తప్పు దాస్తే నాదీ అందులోనే దాగుతుందని నా ఆశ.

"మరి ఆ బాబుకి ఎవరు చెప్తారండీ?" అంది అజీజమ్మ. అంతే, భీమడోలులో దిగి గూడెం బస్సు కోసం నిలబడింది.

అయితే తిన్నగా బేకరీకి వెళ్ళలేదావిడ. ముందు తన సందుకి వెళ్ళింది. నన్నూ రమ్మంది, సాక్ష్యానికి. పదిమందినీ కూర్చోబెట్టి, జరిగింది దాచకుండా చెప్పింది. వెంటనే హుమా లేచింది. హుమాకి నోరు ఎక్కువ, ఇద్దరు పిల్లలు, ఆటో నడిపే భర్త తన్వీర్ కాలు విరిగి మంచంలో ఉన్నాడు.

"ఇప్పుడెళ్ళి చెప్తే ఆ మూడువందలు కూడా పోతాయి ఖాలా! నీ మనసు కడుక్కోవడానికి మా పొయ్యిలు ఆర్పేస్తావా?"

ఖాలా అంటే పిన్ని. హుమా అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు అజీజమ్మ దగ్గర ఉంది. హుమా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "నువ్వూ రామ్మా నాతో. నీతో పని ఉంది" అంది.

సాయంత్రం ఆరింటికి గవర్రాజు బేకరీలో కాలు పెట్టే చోటు ఉండకూడదు. ఆ రోజు మేం ముగ్గురమే ఉన్నాం. విశ్వతేజ కౌంటర్లో ఫోన్ చూసుకుంటున్నాడు. అతని భార్య పద్మప్రియ ఖాళీ అద్దాల పెట్టె తుడుస్తోంది. అజీజమ్మ చేతులు జోడించి మొత్తం చెప్పేసింది. కన్నీళ్ళు పెట్టుకోలేదు, కారణాలు వెతకలేదు. ఒళ్ళు మండి అన్నాను బాబూ అంది.

విశ్వతేజ మొహం ఎర్రబడింది. పద్మప్రియ చేతిలో గుడ్డ పక్కన పెట్టి, "ఆ తెల్లబట్టలాయన మా నాన్నగారండీ" అంది. రిటైరయ్యాక ఆశ్రమంలో చేరాడట. ఆ రోజు ఎండన పడి వచ్చి కళ్ళు తిరిగితే, షాపులో ఉన్న ఒక్క ఫ్యానూ కౌంటర్ దగ్గరే కాబట్టి అక్కడ కూర్చోబెట్టారు. మామగారి ముందు అల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంతే కథ. దీనికి మూడు నెలలపాటు మూడు మతాలవాళ్ళూ కేకు మానేశారు.

"పందొమ్మిదేళ్ళ నుంచీ వస్తున్నారుగదండీ. నన్నే అడగొచ్చుగా పిన్నిగారూ?" అన్నాడు విశ్వతేజ. అజీజమ్మ తల వంచుకుంది.

"అడగాల్సింది బాబూ. తప్పు నాది, మా సందువాళ్ళది కాదు. ఇక నా పేర సరుకు తీసుకోకండి. ఇదిగో హుమా, పని నాకంటే బాగా తెలుసు. ఆర్డరు ఈ అమ్మాయికి ఇవ్వండి. నేను ఊరూరా తిరిగి ఆ మాట నాదేనని చెప్పుకుంటాను."

అప్పటిదాకా పోట్లాడిన హుమా, అజీజమ్మ భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. విశ్వతేజ ఆర్డరు హుమా పేర మార్చాడు. అజీజమ్మని క్షమించానని అనలేదు. ఆవిడ అడగనూ లేదు. పందొమ్మిదేళ్ళు పెద్దరికం చేసిన చోట ఆ మర్నాటినుంచి వరసలో చివర కూర్చుని, హుమా చెప్పినన్ని రొట్టెలు కాల్చింది. నేనైతే ఆ సందువైపు కూడా చూసేదాన్ని కాదు. ఇది మాత్రం ఒట్టేసి చెప్పగలను.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సెలవు దొరికినప్పుడల్లా అజీజమ్మ నల్లజర్ల, భీమడోలు, ఏలూరు బస్సులెక్కింది. కొన్నిసార్లు నేనూ పక్కన ఉన్నాను. కాస్త నోరున్న మనిషి పక్కన కూర్చుని, బేకరీ పేరెత్తి, ఆ అబద్ధం చెప్పింది నేనేనమ్మా అనేది. నవ్వినవాళ్ళున్నారు, మొహం తిప్పుకున్నవాళ్ళున్నారు. నేనూ మా స్టాఫ్ రూములో చెప్పేశాను. దానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆవిడకి ఒక్క పూట పట్టింది. అమ్మకాలు కొద్దికొద్దిగా లేచాయి. దసరాకి పన్నెండువందల సమోసాలు వెళ్ళాయని హుమా చెప్పింది.

ఆ దసరా సెలవుల్లోనే, గూడెం నుంచి ఏలూరు వచ్చే బస్సులో, అజీజమ్మ చెప్పిందంతా విని ఒక పెద్దావిడ అనుమానంగా చూసింది.

"ఇంతలా వెనకేసుకొస్తున్నావు, ఆ తెల్లబట్టలవాళ్ళు నీకేమన్నా ముట్టజెప్పారేంటమ్మా?"

చుట్టూ నలుగురూ నవ్వారు. నాకు కోపం వచ్చి లేవబోయాను. అజీజమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"ఇవ్వలేదండి. ఈ మాట చెప్పడానికి నా దగ్గరున్నదే పోయింది" అంది, మామూలుగానే.

పెద్దావిడ అజీజమ్మ చేతుల మీది కాలిన మచ్చలు చూసి, మధ్యలో పెట్టుకున్న తన సంచీ ఒళ్ళోకి తీసుకుని, కాస్త సర్దుకుని కూర్చోమంది.