పేర్లు తీసేసే పని

నాన్న ట్రక్కుల ప్లాంటులో రిటైరయ్యాక కంపెనీవాళ్ళ టెల్కో కాలనీ క్వార్టర్ ఖాళీ చేసి అదే ఊళ్ళో పర్సుడీహ్‌లో ఇల్లు తీసుకున్నాం. ముందు గదిలో కిటికీ పక్కన నా టేబులు. ఊరి శివార్లలో గమ్హరియా వైపు ఉన్న చిన్న చిన్న వర్క్‌షాపులకీ, ఊళ్ళో ఒకటి రెండు స్కూళ్ళకీ వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా వృత్తి. చూసేవాళ్ళకి అది ఉద్యోగంలా కనిపించదు. గ్యాస్ సిలిండర్ వచ్చినా, పక్కింటివాళ్ళు తాళం చెవి ఎక్కడైనా పెట్టి వెళ్ళాలన్నా నేను ఉన్నాను కదా అనుకుంటారు. మా గుడికి, అంటే చర్చికి, సైటు కావాలన్నప్పుడూ అదే జరిగింది. "ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదమ్మా" అన్నారు సంఘ పెద్దలు. ఒళ్ళు మండింది. అయినా చేసిపెట్టాను.

ఆ సైటులో అందరూ చూసేది ఒక్కటే పేజీ, ప్రార్థన మనవులది. మా తెలుగు గుడిలో ఆదివారం పూట మనవులు చదవడం తాతల నాటి నుంచీ ఉన్న అలవాటు. జబ్బులు, పరీక్షలు, ప్లాంటులో పర్మనెంటు కాని ఉద్యోగాలు, సంబంధాలు. ఒకప్పుడు చీటీ రాసి గుమ్మం దగ్గరి పెట్టెలో వేసేవారు. ఇప్పుడు ఫోనులోనే రాసి పంపిస్తే అది పేజీలోకి చేరుతుంది. నాన్న సంఘానికి సెక్రటరీ కాబట్టి, ఆదివారం మైకు ముందు నిలబడి ఫోను చూస్తూ ఒక్కొక్కటే చదువుతారు.

ఒకసారి ఒక తల్లి తన కూతురికి ఫిట్స్ తగ్గాలని మనవి పంపింది. పేరుతో సహా పేజీలో కనిపించింది, పేరుతో సహా చదివారు. ఆ అమ్మాయికి సంబంధం దాదాపు ఖాయమయ్యే దశలో ఉంది. మా గుడి నుంచి ఎవరో ఆ మాట అవతలి వాళ్ళ చెవిన వేశారు. సంబంధం తప్పిపోయింది. నాన్న వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగి వచ్చారు. వాళ్ళు ఏమీ అనలేదట, టీ కూడా ఇచ్చారట. అది ఆయన్ని ఇంకా బాధపెట్టింది.

"ఇకనించి పేర్లు సదవను. అసలు పేజీలోనే కనపడకూడదు. మిషనే తీసీయాల. సేత్తావా?" అన్నారు నాతో. చేస్తానన్నాను. ఆ అమ్మాయి నాకు తెలుసు. ఇప్పటికీ ఆ పని చెయ్యవలసిందే అంటాను.

వెబ్ ప్రోగ్రాముల్లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒకటుంటుంది. మేం రెజెక్స్ అంటాం. చుక్కలు, బ్రాకెట్లు, వెనక్కి వాలిన గీతలు కలిసిన నమూనా అది. తెలియనివాళ్ళు చూస్తే అచ్చుతప్పు అనుకుంటారు. అది చెప్పే మాట మాత్రం చిన్నదే. ఫలానా ఆకారంలో అక్షరాలు కనిపిస్తే పట్టుకో, వాటి చోట ఇది పెట్టు. సంఘంలో ఉన్నవాళ్ళ పేర్లన్నీ తీసుకుని, ఒక్కో పేరుకీ మధ్య నిలువు గీత పెట్టి, ఒకే పొడవాటి నమూనాగా చేశాను. మగవాళ్ళ పేరు దొరికితే దాని బదులు "ఒక సహోదరుడు", ఆడవాళ్ళదైతే "ఒక సహోదరి".

చెప్పినంత తేలిగ్గా కుదరలేదు. ఇంగ్లీషు కోసం నేర్పే చిట్కాలు తెలుగు దగ్గర చేతులెత్తేస్తాయి. మామూలు రెజెక్స్ దృష్టిలో తెలుగు అక్షరం అక్షరమే కాదు, ఇది కూడా అక్షరమేనని విడిగా చెప్పాలి. చెప్పినా గుణింతపు గుర్తుల్ని వేరే జాతిగా చూస్తుంది. మొదట్లో పేరు పోయి దాని చివరి కొమ్ము మాత్రం మిగిలిపోయి, సహోదరుడి పక్కన దిక్కులేకుండా వేలాడేది. పేరు చివర "కి" చేరితే ఒకలా, "ని" చేరితే ఇంకోలా మార్చాలి. కొన్నాళ్ళు అన్నం తింటున్నా అదే ధ్యాస. అన్నీ కుదిరిన రోజు నాకు నిజంగా సంతోషమైంది. ఎవరికైనా చెప్పుకుందామంటే ఇంట్లో అర్థమయ్యేవాళ్ళు లేరు.

ఒక్క సంగతి మాత్రం తట్టలేదు. మావాళ్ళ పేర్లలో సగం బైబిల్లోవే, మనవుల్లో ఆ బైబిలు మనుషులూ వస్తుంటారు. ఆ వచ్చే ఆదివారం నాన్న మైకులో, "సింహాల గుహలో ఒక సహోదరుణ్ణి కాపాడిన దేవా, మా అబ్బాయికి పరీక్షల్లో తోడుండు" అని చదివేశారు. వెనక బెంచీల్లో కుర్రాళ్ళు తలలు దించుకుని నవ్వారు. నాన్న గొంతు ఎక్కడా తడబడలేదు. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "సింహాల పేర్లు ఏటి సేసినావు, అవీ తీసీసినావా?" అన్నారు. అలాంటి సందర్భాలు కొన్ని చూసి నమూనాలో సర్దుబాటు చేశాను. ఆ తర్వాత అంతా సాఫీగానే నడిచింది. జనం కూడా అలవాటు పడిపోయారు.

ఆ రోజుల్లోనే ఒక సోమవారం పొద్దున్న అత్త మా ఇంటికొచ్చింది. ఆమె మా నాన్నని అన్నయ్యా అంటుంది కాబట్టి నాకు అత్త. రక్తసంబంధం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి పనికొచ్చిన కుటుంబాలు ఇలాగే చుట్టాలైపోయాయి. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. ఉన్న ఒక్క కొడుకు గమ్హరియాలో ఒక చిన్న షెడ్డులో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. అంతకు ముందటి వానాకాలంలో అక్కడ పైనుంచి బరువు జారి మీద పడి చనిపోయాడు.

ఆమెకి టైపు చెయ్యడం రాదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడితే అదే రాసుకుంటుంది. అలా చెప్పి పంపిన మనవిని ముందు రోజు గుడిలో నాన్న చదివారు. "నా కొడుకు ఒక సహోదరుడు ప్రభువు కాడికెళ్ళి ఏడాదవతంది, వాణ్ణి తలుసుకోండి." నేనూ విన్నాను. విని ఆమేన్ అన్నాను.

నాన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. అత్త ఆయన్ని దాటి నేరుగా నా టేబులు దగ్గరికొచ్చింది.

"నా కొడుకు పేరేటి సేసినావమ్మా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. పక్కింటికిచ్చిన గిన్నె అడిగినట్టే అడిగింది.

నోటితో చెబితే తెలియదని, స్క్రీను మీద చూపిద్దామనుకున్నాను. ఆమె మనవిని మళ్ళీ టైపు చేశాను, అతని పేరుతో సహా. ఆమె చదువు బైబిలు చదువుకునేంత వరకే. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, పేరు దగ్గర ఆగింది. నేను బటన్ నొక్కాను. పేరు పోయింది.

"ఇంకోపాలి ఎయ్యి" అంది.

ఈసారి పేరొక్కటే వేశాను. వేసి, నొక్కకుండా ఊరుకున్నాను. ఆమె స్క్రీను మీదికి వంగి చాలాసేపు చూసింది. "నొక్కు" అని తనే అంది. నొక్కాను. "ఒక సహోదరుడు" అని వచ్చింది.

"వాడు పోయినప్పుడు పేపర్లోనూ ఇలాగే ఏసినారు. ఏక్ ఠేకా మజ్దూర్. ఒక కాంట్రాక్టు కూలీ అని. నాకు హిందీ సదవడం రాదు కదా, ఆ ముక్క పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సదివించినాను, ఎక్కడైనా వాడి పేరుంటాదేమోనని. నేదు. షెడ్డు గేటు కాడికెళ్తే, ఏ లేబరోడి తల్లివి అన్నారు. పోన్లే, మన గుడి మనకుంది కదా అనుకున్నాను."

నాన్న కుర్చీలోంచే, "దేవుడికి తెలుసు కదమ్మా వాడి పేరు" అన్నారు.

"దేవుడికి తెలుసన్నయ్యా. ఆయనికి నాను సెప్పక్కర్నేదు. నాకు మనుషుల నోట ఇనాలని ఉంది." ఆమె కొంగు సర్దుకుంది. "వాడున్నప్పుడు పొద్దస్తమానం కేకేత్తానే ఉండీదాన్ని. ఇటు వత్తావా నేదా అంటే, ఆతా హూఁ మా, వత్తన్నానమ్మా అని, హిందీలో అనీవోడు. అనీవోడే గానీ వచ్చీవోడు కాదు. ఇప్పుడింట్లో ఎవుర్ని పిలుత్తాను, సెప్పు."

టీ పెడతానంటే వద్దంది. పర్సుడీహ్ బజారులో కూరగాయలు కొనుక్కోవాలని చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళగానే ఆ ఒక్క పేరూ నమూనాలోంచి తీసేద్దామని కూర్చున్నాను. చెయ్యి ఆగిపోయింది. మా సంఘంలో అదే పేరు ఇంకొకాయనకీ ఉంది. బతికే ఉన్నాడు. తాగొచ్చి గొడవ చేస్తాడు, అతని భార్య దాదాపు ప్రతి వారం మనవి పంపుతుంది. పేజీలో పేరు కనబడదన్న ధైర్యంతోనే అన్నీ విప్పి చెబుతుంది. నమూనా అక్షరాల్నే చూస్తుంది. ఆ అక్షరాల వెనక ఉన్నది చనిపోయిన కుర్రాడా, తాగొచ్చే మొగుడా అన్నది దానికి తెలిసే దారి లేదు. ఎన్ని బ్రాకెట్లు పెట్టినా తెలియదు. ఇన్నేళ్ళ నా పనిలో నాకు అంత చేతకానితనం ఎప్పుడూ అనిపించలేదు.

నాన్నతో చెప్పాను.

"మరి రూలు ఒకరికోసం మారుత్తామా? ఆ ఫిట్స్ పిల్ల మాటేటి? మళ్ళీ అలాటిదయితే ఆళ్ళింటికి నువ్వెళ్తావా?" అన్నారు.

ఆయన మీద కోపం వచ్చింది. ఆయన చెప్పేది న్యాయమే కావడం వల్ల ఇంకా వచ్చింది. లేచి బట్టలు ఆరేయడానికి డాబా మీదికి పోయాను. అక్కడ తీగకి క్లిప్పులు పెడుతూ ఉంటే తట్టింది, ఇంతవరకూ మేం ఎవరినీ అడగలేదని. ఆ అమ్మాయి పేరు చదివినప్పుడు చదవమంటారా అని అడగలేదు. అత్త కొడుకు పేరు తీసేసినప్పుడు తీసెయ్యమంటారా అని అడగలేదు. రెండుసార్లూ మేమే తేల్చేశాం.

కిందికొచ్చి, "రాసేవాళ్ళనే అడుగుదాం నాన్నా. మనవి కింద ఒక చిన్న గడి పెడతాను. పేరు చదవండి అని వాళ్ళు టిక్కు పెడితేనే పేరు ఉంటుంది" అన్నాను.

"ముసలోళ్ళు సూసుకోకుండా నొక్కీత్తారు."

"నొక్కాక కూడా ఇంకోసారి అడుగుతుంది, నిజంగానేనా అని. ఏమీ నొక్కకపోతే ఇప్పటిలాగే పోతుంది."

నాన్న కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు.

"సండే స్కూల్లో వాడికి హాజరు పిలిసింది నేనే" అన్నారు. "ఏడాదయింది. నేనూ ఆ పేరు పలకలేదు. ఆవిడ కనపడితే యోగక్షేమం అడిగి పక్కకి తప్పుకున్నాను. పేరెత్తితే ఏడుత్తాది అనుకున్నాను. పెట్టు, ఆ గడి పెట్టు. ముందే టిక్కు పెట్టి ఉంచకు."

పెద్దల్ని ఒప్పించడం ఆయన వంతు, రాయడం నా వంతు. రెజెక్స్‌లో ఒక్క చుక్క కూడా మార్చలేదు. దానికి ముందు ఒక ప్రశ్న పెట్టాను, అంతే. సాయంత్రానికి అయిపోయింది. అత్తకి ఫోను చేసి, గడి ఎక్కడుంటుందో, రెండోసారి ఏమని అడుగుతుందో చెప్పాను. ఆమె సరే అంది. ఆ పేరు నేను ఇక్కడా రాయడం లేదు. గుడిలో పలకమని అడిగింది గానీ నా రాతల్లో పెట్టమని ఆమె అడగలేదు, నేనూ ఆమెని అడగలేదు.

ఆదివారం నాన్న మైకు ముందుకెళ్ళి మనవులు మొదలుపెట్టారు. ఒక సహోదరికి మోకాళ్ళ నొప్పులు. ఒక సహోదరుడికి ఉద్యోగం. ఆ తర్వాత అత్త కొడుకు పేరు చదివారు. చదివి, మిగతాది ఎక్కడుందోనని వేలితో స్క్రీను పైకి జరిపారు. కిందికి జరిపారు. నా వైపు చూశారు. నేనే ఏదో చెడగొట్టానేమో అనుకున్నాను. ఫోను తీసి పేజీ చూశాను. ఏమీ చెడలేదు. అత్త పంపిందే అంత. మనవి లేదు, ఆదరణ ఇమ్మని లేదు, తలుచుకోండి అని కూడా లేదు. పేరొక్కటే పంపింది.

అందరూ ఎదురుచూస్తున్నారు. నాన్న ఫోను కిందికి దించారు. ఆ పేరు మళ్ళీ పలికారు. ఈసారి చదివినట్టు పలకలేదు. మా చిన్నప్పుడు సండే స్కూల్లో హాజరు పిలిచే గొంతుతో, చివర కొంచెం సాగదీసి, బెంచీల వైపు చూస్తూ పలికారు. అతనితో పాటు చదువుకున్నవాళ్ళం కొంతమందిమి తలెత్తాం. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. నాన్న కాసేపాగి తర్వాతి మనవికి వెళ్ళారు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అత్త చెప్పులు వెతుక్కుంటోంది. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఒక చెప్పు దొరికింది, రెండోది నేను తెచ్చి పెట్టాను.

"మీ నాన్న రెండుసార్లు పిలిసినాడు, ఇన్నావా?" అంది చెప్పులో కాలు పెడుతూ. "బాగా గేపకం పెట్టుకున్నాడు. వాడెప్పుడూ మొదటిసారికి పలికీవోడు కాదు."