నయాపూల్ స్వెటర్లామె

డెబ్బైల దశకంలో నేను హైదరాబాద్‌లో కోర్టు గుమాస్తాని. చలికాలం రాగానే నయాపూల్ వంతెన ఫుట్‌పాత్ మీద ఆమె స్వెటర్ల మూట విప్పుకొని కూర్చునేది. చేతుల్లో అల్లిక సూదులు ఆగేవి కావు. ఏ ఊరని అడిగితే సూదితో ఉత్తరం చూపించి "టిబెట్" అనేది. చైనా సైన్యం కొండలెక్కి వాళ్ల రాజ్యాన్ని ఆక్రమించినప్పుడు, బిడ్డను వీపున కట్టుకొని మంచులో నడిచి వచ్చిందట. మా పాతబస్తీ వాళ్లు ఆ ముఖం చూసి "చైనా ఆమె" అనేవాళ్లు. అలా పిలిచినవాళ్లకు స్వెటర్ అమ్మేది కాదు.

ఒకనాడు బేగంబజార్ సేఠ్ ఒకాయన మూట మొత్తం బేరం చేసి, పక్కనే నిలబడ్డ నావైపు తిరిగాడు.

"జర నువ్వన్న ఈమెకు చెప్పు తమ్మీ. చైనా మాల్ అని అమ్మితే మస్తు పోతది."

ఆమె మూట కట్టేసింది.

"పహాడ్ లే లియా, ఘర్ లే లియా. నామ్ నహీ దూంగీ."

కొండలు లాక్కున్నారు, ఇల్లు లాక్కున్నారు, పేరు మాత్రం ఇవ్వదట. ఆ పూట ఆమెకు బోణీ కూడా కాలేదు.

మరుసటి చలికాలం సేఠే వచ్చాడు.

"టిబెట్ కా మాల్ హై క్యా, బహెన్?" అని మెల్లగా అడిగాడు.

ఆమె తలెత్తలేదు. "జోర్ సే బోలో, సేఠ్."

వంతెన మీద పోయేవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా మళ్లీ అడిగాడు. అప్పుడు విప్పింది మూట.