చీమ రెండో సగం

మార్కాపురం పలకలు చీల్చిన చేతులు మా నాయనవి. ప్లాస్టిక్ పలకలొచ్చి గని పని ఆగిపోయాక మనిషి ముభావంగా తయారయ్యాడు. "నాకు తెలిసిందంతా ఇప్పుడెవురికి పనికొస్తాదిలే" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆయన్ని అలా చూస్తే నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చేవి.

నేను బడిలో సైన్సు చెబుతాను. ఒక ఆదివారం మర్నాటి పాఠం కోసం ఫోనులో ఒక చీమ గురించి చూసి పైకే చదువుకుంటున్నాను. ఎప్పుడో అంతరించిపోయిన చీమ అది. ప్రాణంతో ఉండగా ఏ మనిషీ చూడలేదు. రాయి పగలగొడితే రెక్కలున్న రాణి చీమ అచ్చు ఒకటి బయటపడిందట, అంతే.

"రెండోదేదీ?" అన్నాడు నాయన, గోడవైపు నుంచే.

"రెండోదేంది నాయనా?"

"రాయి చీలిస్తే మచ్చ రెండు పక్కలా పడతాది గదా. ఒక చెక్క వాళ్లకాడ ఉంది. రెండో చెక్క ఏమైనట్టు?"

"అబ్బ, అట్లేముండదులే. ఇది పెద్ద చదువులోళ్లు రాసింది" అని కసిరాను. టీచరమ్మను కదా మరి! ఇంకాస్త కిందికి జరిపి చూస్తే ఏముంది, రెండో సగం ఇంకో మ్యూజియంలో ఉందని రాసుంది. అది చదివి వినిపించగానే నాయన లేచి కూర్చుని తొడ చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

"రేపు బడికి రా నాయనా. పిల్లలకు రాయి చీల్చి చూపిద్దువు."

"నేనా? పిలకాయలు నవ్వుతారు లేమ్మా."

తెల్లారి చూస్తే నాకన్నా ముందే ఉతికిన చొక్కా వేసుకుని, రాళ్లూ ఉలీ సుత్తీ సంచిలో పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. మన పలకరాయి చీమలు పుట్టకముందుదని, అందులో ఏమీ దొరకదని దారిలో భయం భయంగా చెప్పాను. ఊఁ కొట్టాడు.

క్లాసులో ఒక రాయిని తట్టి, చప్పుడు విన్నాడు. అంచున ఉలి ఆనించి మెల్లగా కొట్టాడు. రాయి రెండు చెక్కలుగా విడింది. పిల్లలు మీదపడి చూశారు. రెండు పక్కలా నున్నటి నలుపు.

"చీమ లేదే!" అని ఓ పిల్ల మూతి ముడిచింది. ఈయన మళ్లీ గోడవైపు తిరుగుతాడేమో అనిపించింది.

"చీమలు పుట్టకముందు రాయమ్మా ఇది, లోపల చీమేడుంటాది?" అన్నాడు నాయన. "ఈ రాతి లోపలి మొకం ఇప్పటిదాకా ఎవురూ చూడలా. మొదట చూసింది నువ్వే."

ఆ పిల్ల కళ్లు ఇంతింతయ్యాయి. "నాకు తాతా, నాకు!" అని క్లాసంతా చేతులెత్తింది. తెచ్చిన రాళ్లన్నీ అయిపోయాయి.

సాయంత్రం బయల్దేరేటప్పుడు నాయన ఉలీ సుత్తీ నా బల్ల సొరుగులో పెట్టాడు.

"ఇంటికి మోసేదెందుకు? రేపు వస్తా గదా" అన్నాడు.