నన్ను వెళ్ళగొట్టిన కాలేజీ

నవ్వండి, నవ్వండి. చాయ్ చల్లారేలోపు నవ్వడం కానిచ్చేయండి, తర్వాత చెప్తాను. పోయిన నెల నన్ను ఒక కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు. అవ్, నన్నే! డెబ్బై రెండేళ్ళవాణ్ణి, పట్టపగలు బడి గడప తొక్కనివాణ్ణి, ముప్ఫై దాటాక మిల్లు డ్యూటీ దిగి రాత్రిబడిలో అ ఆలు దిద్దుకున్నవాణ్ణి! ఆ కాలేజీ ఏ దేశంలో ఉందో కూడా నాకు తెలియదు. అయినా వెళ్ళగొట్టారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బూర్గంపాడులో మా చర్చికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి కదా. ఒక సంచిక వేద్దామని పెద్దలు అనుకున్నారు. పాతవాళ్ళ జ్ఞాపకాలు రాసే పని నాకు అప్పగించారు. ఎనిమిది నెలలు ఇంటింటికీ తిరిగాను. చర్చి తాటాకుల పాకగా ఉన్నప్పటి ముచ్చట్లు, మొదటి పెళ్ళికి ఉంగరాలు దొరక్క తాటాకుతో చుట్టిన ముచ్చట, గోదావరి పాకలోకి వచ్చిన ఏడాది మా దానయ్య చర్చి గంటను నెత్తిన పెట్టుకుని మెడలోతు నీళ్ళలో నడిచిన ముచ్చట. కోడలు సునీత తన పాత లాప్‌టాప్ ఇచ్చింది. తను మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. ఆ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళు చెబుతుంటే నేరుగా టైపు కొట్టేవాణ్ణి. నోటుపుస్తకం లేదు, కాయితం లేదు. ఒక్క వేలితోనే కొడతాను, కానీ తప్పు లేకుండా కొడతాను.

కొన్ని నెలలకు ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత గడువు అయిపోయింది.

"ఏడాదికి సబ్‌స్క్రిప్షన్ కట్టాలె మామా. కంపెనీ సైటులనే కడదాం," అంది సునీత.

రేటు చూశాను. "కాయితం లేదు, సిరా లేదు. గంత రేటు దేనికి బిడ్డా?"

"నీ రాతలన్నీ వాళ్ళ దగ్గర భద్రంగ ఉంటయి. అందుకే."

నాకు నచ్చలేదు. అదే వారం మా పాత మిల్లు దోస్తుల ఫోన్ గ్రూపులో ఎవరో ఒక ప్రకటన పెట్టారు. అదే సాఫ్ట్‌వేర్, ఒరిజినల్ కోడ్, ఏడాది గ్యారంటీ, నాలుగో వంతు రేటు! కింద ఉన్న నంబరుకు వెంటనే మెసేజ్ కొట్టాను.

"లాస్ట్ రేట్ ఏంది తమ్మీ?"

"ఇదే లాస్ట్ సార్."

"పక్కోడు ఇంకా తక్కువకు ఇస్తుండు."

పక్కోడు ఎవడూ లేడు. అయినా పని చేసింది.

"సరే సార్, మీ పెద్దరికం చూసి ఇంకో వంద తగ్గిస్తున్న."

పొంగిపోయాను. నా పెద్దరికం వాడెక్కడ చూశాడో! ఫోన్లో నా ఫొటో కూడా ఉండదు, చర్చి గంట బొమ్మ ఉంటుంది.

డబ్బు పంపాను. కోడ్ వస్తుందనుకుంటే ఎవరిదో యూజర్ పేరు, పాస్‌వర్డ్ వచ్చాయి. కొట్టి చూస్తే తెర మీద పెద్ద అక్షరాలతో "వెల్‌కమ్, ఫెర్నాండా" అని వచ్చింది.

"ఎవరు మామా ఈ ఫెర్నాండా?" అంది సునీత.

"కంపెనీ పేరు అయ్యుంటది."

"కంపెనీ పేరు వేరే."

"అయితే ఓనర్ బిడ్డ."

సునీత నెత్తి పట్టుకుంది. "ఇది ఏదో కాలేజీల చదివే పిల్ల అకౌంట్ మామా. కాలేజీలు చదివే పిల్లలకు ఈ సాఫ్ట్‌వేర్ల ఉచితంగ సీట్లు ఇస్తయి. వాటిని దొంగిలించి వీళ్ళు అమ్ముకుంటరు. నీ రాతలు ఇందుల పెట్టకు."

"పైసలిచ్చిన. నాది!"

మా ఆవిడ రూతమ్మ బియ్యం ఏరుతూ వింటోంది. "సంతల ఎద్దును కొంటే రశీదు లేంది తాడు ముట్టడు ఈయన. గిక్కడ మాత్రం అమ్మినోని పేరు కూడ అడగలే," అంది. పాత లాప్‌టాప్ నిండిపోయింది, అందుకని నా రాతలన్నీ ఫెర్నాండా అకౌంటు అనే ఇంట్లోకి ఎక్కించి, లాప్‌టాప్‌లోవి తీసేశాను.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు పొద్దున తెరిస్తే నా ఫైళ్ళ మధ్యలో ఒక పెళ్ళి బయోడేటా! అబ్బాయి పేరు శ్రీను, ఊరు నేలకొండపల్లి, వయసు ముప్ఫై నాలుగు, సొంత ట్రాక్టర్ కలదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు నమూనాకు పెట్టారనుకున్నాను. నమూనా అయితే మాత్రం ఇంత ఘోరంగా ఉంటుందా! "అలవాట్లు: క్రికెట్, నిద్ర" అని రాశాడు. పెళ్ళి కాయితంలో ఎవడైనా నిద్ర అని రాసుకుంటాడా? చూస్తూ ఊరుకోలేక నిద్ర తీసేసి "పెద్దల మాట వినడం" అని కొట్టాను.

మూడో రోజు అదే కాయితం కింద ఎర్రటి అక్షరాలు కనబడ్డాయి.

"నా బయోడేటా ఎవడు గెలికిండు?"

నేను ఒక్క వేలితో జవాబు కొట్టాను. "నా ఇంట్ల నీ బయోడేటా ఎందుకున్నది?"

"ఇది నా అకౌంట్. నెల కింద కొన్న."

"నేను రెండు నెలల కింద కొన్న. నీకు సీనియర్‌ను."

"గ్యారంటీ ఇచ్చిండు నాకు!"

"నాకు నా పెద్దరికం చూసి ఇచ్చిండు!"

"పెద్దాయనా, నువ్వు గెలికింది చూసుకోకుండ పిల్ల వాళ్ళకు పంపిన. వాళ్ళు ఫోన్ చేసి, బాబు పెద్దల మాట వింటడంట గద అని అడిగిన్రు. మా అమ్మ నవ్వలేక చచ్చింది. ఆ సంబంధం గిట్ల పోతే నీదే పాపం."

"నిద్ర అని రాస్తే వస్తదా సంబంధం? పైంగ ఎత్తు కూడ జర ఎక్కువనే రాసుకున్నవనిపిస్తుంది."

"నా ఎత్తుతోని నీకేం పని!"

గంటసేపు అట్లా కొట్లాడుకున్నాం. వాడు వేగంగా కొడతాడు, నేను ఒక జవాబు పూర్తి చేసేలోపు వాడు మూడు తిట్లు తిట్టేస్తాడు. భద్రాచలం బస్టాండులో ఒకే సీటు మీద ఇద్దరు తువ్వాళ్ళు వేసి గొంతు చించుకుంటారే, అచ్చం అట్లా. ఒకటే తేడా, ఆ బస్సు మా ఇద్దరిదీ కాదు.

సాయంత్రం సునీత వచ్చి చూసింది. "ఇప్పటికన్న సమజైందా మామా? ఒకే సీటు పది మందికి అమ్మిండు. అసలు కాలేజీ వాళ్ళు చూసిన్రంటే మొత్తం బంద్ చేస్తరు. జల్దీ నీ ఫైళ్ళు బయటకు తీద్దాం, పట్టు."

"సామాను సర్దుకునుడు అంటే ఓడిపోయినట్టే. పోవాల్సింది వాడు. నేను కదల!"

లాప్‌టాప్ లాక్కుని నా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. అవును, నేనే వేశాను.

ఆ వారమే దానయ్య పోయాడు. సమాధి దగ్గర మట్టి వేసి వస్తూ ఒక్కటే అనుకున్నాను, మనిషి పోయినా ఆయన మాటలు నా దగ్గర ఉన్నాయి కదా అని.

పది రోజులకు లాప్‌టాప్ తెరిచాను. ఫెర్నాండా లేదు, శ్రీను లేడు, దానయ్యా లేడు. తెల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు. సునీత చదివి చెప్పింది. "మీ కాలేజీ ఈ అకౌంటును నిలిపివేసింది. వివరాలకు మీ నిర్వాహకులను సంప్రదించండి."

"నా కాలేజీ ఏంది!" అని అరిచాను. ఆపాను, మళ్ళీ వేశాను, ఆరుసార్లు. అమ్మినవాడికి ఫోన్ చేశాను.

"రీఫ్రెష్ కొట్టండి సార్."

"కొట్టిన. ఇక కొట్టాల్సింది నిన్నే!"

"కొత్త కోడ్ తీసుకోండి సార్. పాత కస్టమర్లకు డిస్కౌంట్ ఉంది."

నా నోటికి ఏం వచ్చిందో మీకు చెప్పను, చర్చి పెద్దను. నన్ను బ్లాక్ చేశాడు. రూతమ్మ ఫోన్ నుంచి చేసి మిగిలిన తిట్లు పూర్తి చేశాను, దాన్నీ బ్లాక్ చేశాడు. "నేనేం చేసిన, నన్నెందుకు బ్లాక్ చేసిండు?" అని ఆమె నా మీద రెండు రోజులు అలిగింది.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి చేశాను. ఆ అమ్మాయి ఓపికగానే మాట్లాడింది. "సార్, ఆ అకౌంట్ కాలేజీది. మేము తెరవలేం. మా సైట్లో గానీ, మేము అనుమతి ఇచ్చిన దుకాణంలో గానీ కొనాలి సార్. మీరు స్టూడెంటా?"

"అవ్. రాత్రిబడి."

ఫోన్ పెట్టేశాను. మిగిలినవాళ్ళ దగ్గరికి మళ్ళీ పోయి అడుక్కోవచ్చు. దానయ్యను ఎక్కడికి పోయి అడగను?

తెర మీద కాలేజీ నిర్వాహకుల ఈమెయిల్ ఉంది. సునీతే వాళ్ళకు ఇంగ్లీషులో రాసింది. రెండు రోజులకు జవాబు వచ్చింది. ఫెర్నాండా చదువు ఎప్పుడో అయిపోయిందట. ఆమె పాత అకౌంటును ఎవరో దొంగిలించి అమ్మారట. ఫైళ్ళు ఇంకా తుడిచేయలేదు, పంపుతామన్నారు. కానీ ఎవరి దగ్గర, ఎట్లా కొన్నానో రాయాలి. వేరేవాళ్ళదని తెలిసీ వాడుకున్నందుకు క్షమాపణ చెప్పి సంతకం పెట్టాలి.

నేనా? క్షమాపణా? మోసపోయిందీ నేనే, చేతులు జోడించాల్సిందీ నేనేనా!

మొదటి ఉత్తరం రెండు పేజీలు రాశాను. ఒకటిన్నర పేజీ అమ్మినవాడికి, నాలుగు లైన్లు శ్రీనుకు, మిగిలింది గేటుకు తాళం వేసుకోవడం చేతగాని ఆ కాలేజీకి.

సునీత చదివింది. "ఇది క్షమాపణ కాదు మామా, పోలీసు కంప్లైంటు."

రెండోది "నా వల్ల ఏమైనా తప్పు జరిగి ఉంటే" అని మొదలుపెట్టాను.

"జరిగి ఉంటే ఏంది మామా? జరిగింది గద!"

చించి పారేశాను. రాయను పొమ్మన్నాను. మూడో రోజు దానయ్య బిడ్డ ఎస్తేరు మా ఇంటికి వచ్చింది. "పెద్దనాయనా, మా నాయన చెప్పిన ముచ్చట పుస్తకంల ఎప్పుడొస్తది? ఆయన మాట ఒక్కటి కూడ మా ఫోన్లల్ల లేదు. నీ దగ్గరున్నదే," అంది. రూతమ్మే ఆమెకు చాయ్ ఇచ్చి సాగనంపింది.

ఎస్తేరు గేటు దాటకముందే కాయితం తీశాను. "అది నాది కాదని ఇంట్లోవాళ్ళు చెప్పారు. చూస్తే నాకూ అర్థమైంది. అయినా మొండిగా వినలేదు. తప్పు నాదే. నన్ను క్షమించండి." అంతే. ఆ చివరి మాట దగ్గర కలం ఆగింది. తిట్టాను దాన్ని, నడిచింది. కింద పూర్తి పేరుతో సంతకం చేశాను. సునీత ఫొటో తీసి, ఇంగ్లీషు చేసి, ఎవరి దగ్గర ఎట్లా కొన్నానో విడిగా రాసి పంపింది.

ఫైళ్ళు వచ్చాయి. నాలుగు ఫొటోలు పోయాయి గానీ దానయ్య ముచ్చట అక్షరం పోకుండా వచ్చింది. శ్రీను బయోడేటా కూడా వాటిలోనే వచ్చింది. అందులో ఉన్న నంబరుకే పంపాను. "థాంక్స్ తాతా, సంబంధం కుదిరింది. నిద్ర సంగతి పిల్లకు చెప్పకు," అన్నాడు. సర్లే అన్నాను. కానీ ఆ అమ్మినవాడు నాకు దొరికాడా... సరే, ఎక్కడ ఆపాను?

ఆ. ఉత్తరం. అది బల్ల మీదే ఉంది. రూతమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. చదివి నా ముందు పెట్టింది.

"ముఖం తెల్వనోళ్ళకు మస్తు మంచిగ రాసినవ్. నలభై ఆరేళ్ళల్ల నాకు ఒక్కటి రాయలే. పైన కాలేజీ పేరు కొట్టేసి నా పేరు పెట్టు. మిగతాది ముట్టకు, అంతా సరిపోతది."

మళ్ళీ చదివి చూశాను. ఇంట్లోవాళ్ళు చెప్పారు, నాకూ అర్థమైంది, మొండిగా వినలేదు, తప్పు నాదే. నిజంగానే ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు! పేరు మార్చి చేతికిచ్చాను. మడిచి బైబిల్లో పెట్టుకుంది.

"ఈ ఏడాదికి ఇది నడుస్తది. వచ్చే ఏడాది మళ్ళ కొత్తది రాయాలె," అంది.

డిస్కౌంటు ఏమైనా ఉందా అని అడిగాను. లేదట.