పెట్టె మీద రెండక్షరాలు

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా లోపల బరువుగా కూర్చుని ఉంది. మా ఆయన పోయే ముందు కూడా చెప్పలేదు. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

పెద్ద యుద్ధం ముగిసిన రెండేళ్ళకు రంగూన్‌లో ఒక దొరసాని ఇంట్లో పనికి కుదిరాను. అప్పటికే మా ఆయన అహ్లోన్ బియ్యం మిల్లులో బస్తాల కింద పడి, నడుం విరిగి మంచాన ఉన్నాడు. దొరసాని తేనెటీగలను పెంచేది. తోటమాలి సూరన్న పెట్టెల మీద తెలుగులో రాసేవాడు. అది చదవగలిగే మనిషి కావాలన్నారు. వచ్చునన్నాను. పనితో పాటు ఉండడానికి గది ఇస్తామన్నారు మరి. నాకు ఒక్క అక్షరం రాదు.

ఎలా నెట్టుకొచ్చాను? చోటు గుర్తుపెట్టుకుని. ఏ పెట్టె ఎక్కడుందో సూరన్న మాటల్లో వినేదాన్ని. చదివినట్టు ఒక్క క్షణం తల వంచి నిలబడేదాన్ని. అంతే.

వానలు వెళ్ళాక దొరసాని చలికాలం పనులు మొదలుపెట్టించేది. రంగూన్‌లో చలెంత? తెల్లారి ఒక గంట మంచు. అయినా తన దేశం పద్ధతి మానేది కాదు. ఈగలున్న పెట్టెల ద్వారాలు చెక్కముక్కలతో సన్నం చేసి, చుట్టూ గోనె కట్టాలి. ఈ ఈగలకి కంబళ్ళేటి, వచ్చే ఏటికి ఉన్ని టోపీలు కుట్టమంటాది సూడు, అని సూరన్న నవ్వించేవాడు. ఈగలు లేని పెట్టెల్లో పాత తేనెపట్లు దాచేవాళ్ళం. వాటిని పురుగు తినకుండా అడుగున గంధకం పొగ పెట్టాలి. పొగ బయటికి పోకుండా వాటికీ గోనె కట్టేవాళ్ళం. అన్నీ ఒక్కలాగే కనిపించేవి. అందుకే సూరన్న మూతల మీద సుద్దతో రాసేవాడు. ఈగ, లేకపోతే ఖాళీ.

గోడవైపు నాలుగూ ఖాళీ అని ముందురోజు విన్నాను. తెల్లారేసరికి సూరన్న ఒకదాన్ని మార్చాడు. ఒక ఈగల పెట్టెకి ఎర్రచీమలు పట్టాయని దాన్ని గోడవైపు పెట్టి, మూత మీద ఎప్పటికంటే పెద్దగా రాశాడు. ఆ రాత నేను చూశాను. చూసి, తల వంచి, పళ్ళెంలో నిప్పుల మీద గంధకం వేసి ఆ పెట్టె అడుగున పెట్టాను.

లోపల వాన కురిసినట్టు ఒక్కసారి చప్పుడు లేచింది. పళ్ళెం లాగేశాను. అప్పటికే చప్పుడు ఆగిపోయింది.

మూత తీస్తే అడుగంతా ఈగలు. అప్పుడు నేనేం చేశాను? కేక పెట్టలేదు. పరిగెత్తలేదు. చీర చెంగు నీళ్ళలో ముంచి మూత మీద రాత తుడిచేశాను.

మూత మీది సుద్ద మంచుకు చెరిగిందనుకుని దొరసాని ఇద్దరినీ పిలిచింది. సూరన్న ఈగ అనే రాశానని చెప్పాడు. ఆవిడ నా వైపు చూసింది. ఆయనా చూశాడు.

"నానేటి రాసాను సెల్లీ, ఆ మూత మీద?"

"కాళీ అనుంది, అన్నా."

"నువ్వు సదివావా?"

"సదివాను."

చాలాసేపు తన చేతివేళ్ళు చూసుకున్నాడు. "అయితే నా సెయ్యే తప్పింది. సదువొచ్చినదానివి, నువ్వెందుకు అబద్దమాడతావు."

నన్ను తిట్టి ఉంటే ఇంత ఉండేది కాదేమో. ఆయన నన్ను నమ్మాడు. తన చేతిని నమ్మడం మానేశాడు. పని పోయి నది అవతల సిరియం వెళ్ళాడు. అంతకుముందు మావాళ్ళందరికీ ఊళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టింది ఆయనే. ఇప్పుడు ఎవరడిగినా, నా సెయ్యి ఒకటనుకుంటే ఒకటి రాస్తాది, నాకొద్దు అంటున్నాడని విన్నాను. నేను ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెబితే మంచం మీది మనిషితో ఎక్కడికి పోను? అలా అనుకుంటూ ఏళ్ళు గడిపాను. ఏమో, నిజంగా ఆయనే తప్పు రాశాడేమో, నాకేం తెలుసని కూడా అనుకున్నాను. చదువు రాకపోవడం నాకు అలా అక్కరకొచ్చింది.

మా ఆయన పోయాక దొరసాని పని మానేశాను. ఆదివారాలు ఒక పంతులమ్మ అరుగు మీద ఆడవాళ్ళకు చదువు చెప్పేది. వెళ్ళాను. నాలుగో వారం పలక మీద ఈ రాసి, ఈగ అంది. ఆ అక్షరం నాకు తెలుసు. ఆ మెలిక, ఆ వంపు, అన్నీ నా చెంగు కింద తడిసి చెరిగినవే. పలక కింద పెట్టేశాను. తల తిరిగిందని చెప్పాను.

మొన్నటి చలికాలం పడవెక్కి సిరియం వెళ్ళాను, చెప్పేద్దామని. సూరన్న జుట్టు తెల్లబడింది. నన్ను చూసి సంబరపడ్డాడు. సమయానికొచ్చావు సెల్లీ, అమ్మకి ఒక ఉత్తరం రాసిపెట్టు అన్నాడు. ఆయన చెబుతుంటే రాశాను. నా అక్షరాలు వంకరగా పడ్డాయి. ఎంత బాగా రాస్తున్నావు అన్నాడు. అప్పుడైనా చెప్పవచ్చు కదా? నోరు తెరిచాను. కవరు మీద అమ్మ పేరు రాయనా అని అడిగాను. అప్పటినుంచి నెలకోసారి వెళుతున్నాను. ఉత్తరం రాసి వచ్చేస్తున్నాను.

ఆయన చదవడం మానలేదు. ఎక్కడ తెలుగు కాగితం దొరికినా చదువుతాడు. పత్రికలో వేస్తే ఇదీ చదవవచ్చు. చదివితే నన్ను గుర్తుపడతాడు. తరువాత నా మొహం చూస్తాడో లేదో తెలియదు. దీన్ని చింపేద్దామని రెండుసార్లు తీశాను. చింపలేదు.

అన్నా, ఆ మూత మీద నువ్వు ఈగ అనే రాశావు. నీ చెయ్యి తప్పలేదు. తుడిచింది నేను.