నాలుగు సెకన్లలో దిగే మనిషి

ఆ కార్ల కంపెనీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆయన కొలబద్ద. ఎగతాళికి పెట్టిన పేరు కాదు, ఆయన పనే అది. కొత్త కారు బయటికి రావడానికి మూడేళ్ళ ముందే చెక్కతోనూ బంకమట్టితోనూ అసలు కారంత నమూనా ఒకటి చేస్తారు. అందులో ఈయన ఎక్కాలి, స్టీరింగు పట్టుకోవాలి, బ్రేకు తొక్కాలి, దిగాలి. దిగాక ఒక కాగితం మీద ఐదు గళ్ళలో ఒకదానికి టిక్కు పెట్టాలి. చాలా సులువు, సులువు, ఫరవాలేదు, కష్టం, దిగలేకపోయాను. ఇంతే ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళు ఇదే చేశాడంటే కొందరు ముక్కున వేలేసుకుంటారు గానీ, కూర్చున్నందుకు జీతం పుచ్చుకునేవాడు లోకంలో ఈయనొక్కడేనా?

చేరడం మాత్రం వడ్రంగిగా చేరాడు. మొదటి నమూనాకు చెక్క చట్రం బిగించింది ఆయనే. ఒకరోజు బొమ్మలు గీసే కుర్రాయన ఒకడు, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, టేపు పట్టుకుని షెడ్డంతా తిరిగాడు. పుస్తకంలో సగటు మనిషి కొలతలు ఉన్నాయట. పిక్క ఇంత, తొడ ఇంత, కూర్చుంటే తల ఇంత ఎత్తు. ఆ లెక్కకు సరిపోయే మనిషి కావాలి. పొట్టివాళ్ళని, పొడుగువాళ్ళని, బొజ్జవాళ్ళని దాటుకుంటూ వచ్చి వడ్రంగి మోకాలి దగ్గర టేపు ఆపాడు.

"కదలకు! పుస్తకంలోంచి లేచి వచ్చావేంటయ్యా నువ్వు?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన పెన్సిలాయన, ఈయన కొలబద్ద.

మొదటి తరం కారు పెట్టెలా ఉండేది. ఎత్తు కప్పు, వెడల్పాటి అద్దాలు, కుర్చీలాంటి సీట్లు. నాలుగు తలుపుల ఇంటి కారే. కాకపోతే పక్కన ఒక ఎర్ర గీత లాగి, సైలెన్సరు కాస్త గట్టిగా అరిచేలా చేసి, పందెపు కారు అని అమ్మారు. పిల్లలున్న నాన్నలంతా ఎగబడ్డారు. కొలబద్ద అందులోంచి వీధి అరుగు దిగినట్టు దిగి, 'చాలా సులువు' గడిలో టిక్కు పెట్టాడు. ఆయన పెట్టిన నిజమైన టిక్కుల్లో చివరిదాకా నిలిచింది అదొక్కటే.

ఆరేళ్ళకు రెండో తరం. మొదటిది అమ్ముడుపోయింది ఎర్ర గీత వల్లేనని పెద్దలకు ఎవరో చెప్పినట్టున్నారు. ముక్కు సాగదీశారు, దీపాలు సన్నం చేశారు, కప్పు మూడు వేళ్ళు దించారు. కొలబద్ద దిగబోతే నుదురు టప్పున తగిలింది. నిజాయితీగా 'కష్టం' అని టిక్కు పెట్టాడు.

సాయంత్రానికల్లా పెన్సిలాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"నాలుగు నెలల పని. కప్పు లేపితే ఆ గీత అంతా చెడిపోతుంది. ఇంకోసారి కూర్చుని చూడరాదూ?"

బతిమాలినట్టు అడిగాడు పాపం. కొలబద్దకు జాలేసింది, తనను అంతటివాడు బతిమాలుతున్నందుకు కాస్త గర్వంగానూ అనిపించింది. మళ్ళీ కూర్చున్నాడు. ఇరుకు చట్రాల్లో దూరి మేకులు కొట్టిన ఒళ్ళు కదా, దారి అదే వెతుక్కుంది. చెయ్యి అద్దం పక్క స్తంభానికి, మడమ గడప అంచుకి, గడ్డం గుండెకి ఆనించి, నడుం ఒక్క మెలిక. అంతే, బయట ఉన్నాడు. నుదురు కాదు కదా, వెంట్రుక కూడా తగల్లేదు. ఈసారి 'సులువు' గడిలో టిక్కు పడింది. పెన్సిలాయన భుజం తట్టాడు. ఆ తట్టడంతోనే తలుపు మూసుకుందని కొలబద్దకు చాలా ఏళ్ళ దాకా తెలియలేదు.

మూడో తరానికి ఇంజను బలం పెరిగింది, డిక్కీ మీద రెక్క మొలిచింది, సీటు మనిషిని కావలించుకునేలా పక్కలు లేచాయి. కప్పు ఇంకో రెండు వేళ్ళు దిగింది. వెనక సీటు కొలతకు స్టోర్సు నుంచి ఒకావిడ వస్తుండేది. రెండుసార్లు 'కష్టం' అని పెట్టింది. మూడోసారికి ఆవిడ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఆ ఏడే వడ్రంగి షెడ్డూ మూసేశారు. చట్రాలు చెక్కడానికి యంత్రం వచ్చింది. కొలబద్ద తన ఉలి, రంపం ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాడు. వెనక్కి వెళ్ళడానికి ఇక చోటు లేదు. సీట్లో ఇమడాలి, ఇమిడి దిగాలి, లేదా గేటు దాటాలి.

ఒళ్ళు కూడా తనది కాకుండా పోయింది. నెలకోసారి కంపెనీలో తూకం, నడుం కొలత. ఒక వేలు పెరిగినా కబురొస్తుంది. ఇంట్లో భార్య రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"నేను కట్టుకుంది మనిషినా, మూరకర్రనా?" అని నవ్వేది ఆవిడ. మొదట్లో నవ్వేది. తర్వాత గరిటె వెనక్కి తీసుకెళ్ళి పెట్టేసేది.

నాలుగో తరం వచ్చేసరికి అది నాలుగు తలుపుల కారని దగ్గరికెళ్ళి లెక్కపెట్టుకుంటే గానీ తెలిసేది కాదు. కప్పు ముందు నుంచి వెనక్కి జారిపోయింది. వెనక అద్దం తపాలా డబ్బా నోరంత మిగిలింది. పత్రికలవాళ్ళు నెత్తికెక్కించుకున్నారు. పెన్సిలాయన అప్పటికి ఆ విభాగానికే పెద్ద, చెవి మీద పెన్సిలు మాత్రం పోలేదు. ఉద్యోగస్థుల ధరకు కొలబద్దకూ ఒకటి వచ్చింది. వీధిలోకి అది వచ్చిన రోజు భార్య పక్కింటావిడ ఎదురుగా, "మావారు కొలత చూసిన కారు" అని రెండుసార్లు చెప్పింది.

రెండేళ్ళకు ఆవిడ మోకాళ్ళు అరిగాయి. డాక్టరు దగ్గరికి ఆ కారులోనే తీసుకెళ్ళాడు. ఆసుపత్రి మెట్ల ముందు ఆపాడు. వెనక మూడు బళ్ళు, మెట్ల మీద ఓ పాతికమంది జనం. ఆవిడ కాళ్ళు రెండూ బయట పెట్టింది, లేవబోయింది, మళ్ళీ సీట్లో పడింది.

"ఏమండీ, నా వల్ల కావట్లేదు."

"చెయ్యి స్తంభానికి పెట్టు. మడమ గడపకి ఆనించు. గడ్డం దించు. ఆఁ, ఇప్పుడు నడుం తిప్పు."

"కారు దిగమంటున్నారా, సర్కస్ చెయ్యమంటున్నారా?"

వెనక హారన్లు మొదలయ్యాయి. ఆయన రెండు చేతులూ పట్టి లాగాడు. ఆవిడ చెప్పు కారు కిందికి జారిపోయింది. మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఒంటి చెప్పుతో నిలబడి, కళ్ళనీళ్ళు కారుతుంటే ఆవిడ అంది, "ఇంత కిందికి సీటు పెట్టినవాడెవడో గానీ, వాడి మోకాళ్ళు పడిపోను!"

ఆయన కారు కిందికి వంగి చెప్పు వెతికాడు. అవసరమైనదానికన్నా ఎక్కువసేపే వెతికాడు.

అప్పట్నుంచీ ఆవిడ ఇల్లు కదలడం మానేసింది. ఊరి అవతల అక్కగారింటికి ఆదివారం ఆదివారం వెళ్ళేది, అదీ మానేసింది. బయల్దేరదామంటే, "మీరు వెళ్ళిరండి, నాకు పనుంది" అనేది. ఏమీ పని లేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎదురుగా వీధిలో ఉన్న ఆ కారునే చూస్తూ కూర్చునేది. ఆయనకు ఆ కిటికీ వైపు చూడాలంటే భయంగా ఉండేది. ఆవిణ్ణి ఆ గదిలో పెట్టి తాళం వేసింది తన టిక్కులేనని ఆయనకు బాగా తెలుసు.

ఐదో తరం పని మొదలైంది. ఇది బ్యాటరీతో నడిచేది. బ్యాటరీ అంతా కారు అడుగునే, అందుకని లోపల కాళ్ళు పెట్టే నేల పైకి లేచింది. కప్పేమో ఇంకా దిగింది. కూర్చుంటే మోకాళ్ళు రొమ్ముకు వస్తున్నాయి. పెన్సిలాయనకు ఇదే ఆఖరి కారు, వచ్చే ఏడు రిటైరవుతాడు. ఈసారి కాగితంతో పాటు సెకన్లు కొలవడానికి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో ఎప్పుడూ పలకలాంటి కంప్యూటరు ఉండేది కాబట్టి అందరూ ఆమెను పలకమ్మాయి అనేవారు.

ఆ మంగళవారం కొలబద్ద నిశ్చయించుకునే వచ్చాడు. మామూలు మనిషిలా దిగాలి. దిగలేకపోవాలి. భార్య ఎలా చేసిందో అలాగే చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, కాళ్ళు బయట పెట్టాడు, లేవబోయాడు. ఎప్పుడు వెళ్ళిందో చెయ్యి స్తంభం మీదికి వెళ్ళింది, గడ్డం దిగింది, నడుం తిరిగింది. బయట నిలబడి ఉన్నాడు.

"నాలుగు సెకన్లు," అంది పలకమ్మాయి.

"ఉండమ్మా, ఇంకోసారి."

"నాలుగుంపావు."

మూడోసారి రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా కట్టుకున్నాడు. సగం లేచి ఆగి, ఆయాసపడ్డాడు.

పెన్సిలాయన నవ్వాడు. "నటన నీకు చేతకాదయ్యా. టిక్కు పెట్టి వెళ్ళు."

మామూలు మనుషులు కారెలా దిగుతారో ఆయన ఒళ్ళు మరిచిపోయింది. ఆ సంగతి అప్పుడే, అందరి ముందూ, నమూనా పక్కన నిలబడి తెలుసుకున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది.

"సార్, నా కొలతలు మామూలువే. నా దిగడం మామూలుది కాదు. రోజుకు నలభైసార్లు, ముప్ఫై ఏళ్ళు దిగినవాణ్ణి. నేను దిగుతున్నాను కదా అని మీరు కప్పు దించుతూ వచ్చారు. మీరు దించారు కదా అని నేను ఇంకాస్త మెలిక తిరిగాను. ఈ కారులోంచి జనం దిగలేరు సార్. నా భార్యే దిగలేదు."

పెన్సిలాయన నవ్వు ఆగిపోయింది. "అంటే నీ కాగితాలన్నీ అబద్ధమా?"

"రెండో కారు నుంచి."

"అదే గనక తేలితే ఈ కొలబద్దను కంపెనీ ఏం చేసుకుంటుంది? నిన్ను నేనే వెతికి తెచ్చుకున్నాను. ఆలోచించుకుని మాట్లాడు."

బెదిరింపు కాదది, ఉన్న మాటే. పలకమ్మాయి తల ఎత్తకుండానే అంది, "బయటివాళ్ళు ఎవరైనా కూర్చుంటే తేలిపోతుంది కదా సార్. గేటు పాసు నేను తీసుకుంటాను."

ఆ సాయంత్రం కిటికీ దగ్గర కుర్చీ పక్కన నేల మీద కూర్చుని భార్యకు అంతా చెప్పాడు. మొదటి టిక్కు, రెండో టిక్కు, భుజం తట్టడం, స్టోర్సు ఆవిడ, బయటివాళ్ళు కూర్చుంటే తేలుతుందన్న పలకమ్మాయి మాట, అన్నీ.

"అయితే ఆ రోజు నేను తిట్టింది మిమ్మల్నేనా?"

"ఊఁ."

"మీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి కదా?"

"నావి బాగానే ఉన్నాయి."

"నా నోటికి అంత బలం లేదులెండి," అంది. కిటికీ వైపు నుంచి ఇటు తిరిగి, "నేనొచ్చి కూర్చుంటే మీ ఉద్యోగం పోతుందా?" అని అడిగింది.

"పోవచ్చు."

"అంతమందిలో మళ్ళీ నవ్వులపాలు కావాలి నేను."

తెల్లారి చూస్తే ఆవిడ జడ వేసుకుని, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది.

గేటు దగ్గర ఫోను తీసుకున్నారు. లోపల చూసింది ఎక్కడా చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. "ఎవరికి చెప్పుకుంటాను నాయనా, దిగలేకపోయానని చెప్పుకోనా?" అంది ఆవిడ. గది నిండా తెల్లటి దీపాలు, మధ్యలో బూడిదరంగు నమూనా, చుట్టూ పదిమంది. పెన్సిలాయన "నమస్కారమమ్మా" అని తలుపు తనే తీసి పట్టుకున్నాడు. ఎక్కడం ఎక్కింది, ఎక్కడమంటే పడడమే. మోకాళ్ళు రొమ్ముకు తగిలాయి.

"ఇప్పుడు దిగండమ్మా," అంది పలకమ్మాయి.

కాళ్ళు బయట పెట్టింది. లేచింది, పడింది. మళ్ళీ లేచింది, కప్పు తలకు తగిలింది, పడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదేమో, ఆ నిశ్శబ్దం కొలబద్దకు భరించరానిదైంది. ఆయన చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది.

"రాకండి," అంది ఆవిడ. "ఎవరూ రాకండి. ఆ రోజు లాగేశారు కాబట్టే ఎవరికీ తెలియలేదు."

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆవిడ మరో రెండుసార్లు ప్రయత్నించింది. జడ ఊడిపోయింది, నుదుటి మీద చెమట పట్టింది. పెన్సిలాయన చెవి మీది పెన్సిలు చేతిలోకి వచ్చింది గానీ దాంతో ఏం చెయ్యాలో తెలిసినట్టు లేదు. ఆవిడ సీట్లో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది.

"ఎంతయిందమ్మా?"

"మూడు నిమిషాల పది సెకన్లండీ."

"ఆ ఐదో గడి ఉందట కదా, మావారు ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ ముట్టుకోనిది. అందులో టిక్కు పెట్టు."

పలకమ్మాయి పెన్సిలాయన వంక చూసింది. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆ పిల్ల వేలు పలక మీద ఆనింది.

"పెట్టావా?"

"పెట్టానండీ."

ఆవిడ అప్పుడు భర్త వైపు తిరిగి, రెండు చేతులూ చాచింది. "ఇప్పుడు రండి," అంది.